తంటెపు గింజతో తంటా

మలబద్ధకాన్ని గురించి వారపత్రికలో వ్రాయడం మర్యాద కాదని మా ఆవిడ అభిప్రాయం. "కథో కాకరకాయో వ్రాసుకోండి. నలుగురూ చదివే పత్రికలో కడుపు సంగతులెందుకు?" అంది. కాని నేను అరకు వెళ్ళిందే నా కడుపు మూలంగా. అక్కడ నేర్చుకున్న సంగతి పిల్లలున్న ప్రతి యింటివారికీ తెలియవలసినది. అందుచేత మర్యాదను కాసేపు పక్కన పెడుతున్నాను. పాఠకులు మన్నించాలి.

సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కిందటి దసరాకు వచ్చినప్పుడు నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. "మామయ్యా, నీ బాధకు మందు తెచ్చాను. అక్కడి చైనా మందుల కొట్లో అమ్ముతారు. కాస్త వేయించి, వేడినీళ్ళలో వేసి, టీ లాగా తాగమన్నారు" అన్నాడు. పొట్లం విప్పి చూచాను. గోధుమరంగు గింజలు. నున్నగా మెరుస్తున్నాయి. రెండు కొసలూ ఏటవాలుగా కోసినట్టు పలకలు తేలి వున్నాయి. ఆ రాత్రి ఒక చెంచాడు గింజలు వేయించి, మరిగే నీళ్ళు పోసి తాగాను. రుచి మాడిన కాఫీకి దగ్గర చుట్టం. తెల్లవారుజామున ఆ గింజ తన మాట నిలబెట్టుకుంది. అంతకు మించి వివరించను.

నాలుగు రోజుల తరువాత, వృక్షశాస్త్రం చెప్పి రిటైరయిన మా లెక్చరరు మిత్రుడు యింటికి వచ్చాడు. గర్వంగా పొట్లం చూపించాను. ఆయన రెండు గింజలు అరచేతిలో వేసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, పకపకా నవ్వాడు.

"ఓయి వెర్రివాడా! ఇది మన తంటెం! తగిరిస అనేదీ దీన్నే. వానాకాలం మన రోడ్ల పక్క, చెరువుగట్ల మీద కాళ్ళకడ్డం పడి పెరిగే మొక్క. పెరటి మొక్కను విమానంలో దిగుమతి చేసుకున్నావు!"

నాకు రోషం వచ్చింది. చైనా మందు అన్న గౌరవమంతా ఒక్క నవ్వుతో పోయింది. అప్పుడాయన కుర్చీలో సర్దుకు కూర్చుని పాఠం మొదలుపెట్టాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

చైనావారు యీ గింజను జ్యుయెమింగ్‌జీ అంటారు. చివరనున్న 'జీ' అంటే గింజ. ముందున్న మాటలకు చూపును తేటపరచేది అని భావం. వారి ప్రాచీన ఓషధీ గ్రంథం షెన్‌నాంగ్ బెన్‌త్సావ్ దీన్ని ఉత్తమశ్రేణి మందులలో చేర్చింది. 16వ శతాబ్దపు మహావైద్యుడు లీ షిజెన్ తన పెద్ద గ్రంథంలోనూ దీనికి చోటిచ్చాడు. కళ్ళు తేటపడతాయని యీ గింజలను తలగడలో కూరుకుని పడుకునే ఆచారం కూడా అక్కడ వుంది. ఆకారాన్ని బట్టి దీనికి గుర్రపు డెక్క అనే ముద్దుపేరు కూడా పెట్టారు.

"కళ్ళ మందు కడుపుకెందుకు పనిచేసింది?" అని అడిగాను.

వారి వైద్యం లెక్క ప్రకారం కన్ను కాలేయానికి కిటికీ. కాలేయంలో వేడి పుడితే కళ్ళు ఎర్రబడతాయి, వెలుగు చూడలేక నీరు కారతాయి, తల దిమ్మెక్కుతుంది. ఆ వేడికి పేగు ఎండి మలం గట్టిపడుతుంది. చలవ చేసే యీ గింజ పైన కళ్ళనూ కింద పేగునూ ఒకేసారి చల్లబరుస్తుందని వారి నమ్మకం. నేటి చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథంలోనూ యిది వుంది. 9 నుంచి 15 గ్రాముల మోతాదు. విరేచనాలవుతున్న వారికి పనికిరాదని వారి వైద్యులు హెచ్చరిస్తారు.

మనవారి చూపు వేరు. సంస్కృతంలో దీని పేరు చక్రమర్దం, అంటే చక్రాన్ని నలిపివేసేది. ఆ చక్రం విష్ణుచక్రం కాదు, ఒంటిమీద గుండ్రంగా లేచే తామర! దద్రుఘ్నమన్న పేరుకూ అదే అర్థం. గింజలను పుల్లమజ్జిగతోనో నిమ్మరసంతోనో నూరి తామర మీద పట్టు వేయడం మన పల్లెల్లో వున్నదే. ఒకే గింజలో చైనావారు కన్ను చూచారు, మనవారు చర్మం చూచారు. కడుపు సంగతి మాత్రం యిద్దరికీ తెలుసు.

నేటి రసాయనశాస్త్రం దీని గుట్టు కొంత విప్పింది. ఈ గింజలలో ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలున్నాయి. వాటిలో కొన్ని తామర పుట్టించే బూజును అణచగలవు. మరికొన్ని చక్కెర తొడుగు వేసుకుని, జీర్ణకోశంలో అరగకుండా పెద్దపేగు దాకా ప్రయాణం చేస్తాయి. అక్కడి సూక్ష్మజీవులు ఆ తొడుగు విప్పుతాయి. అప్పుడు పేగు కదలిక హెచ్చుతుంది, నీరు పేగులోనే నిలుస్తుంది. ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి తాగితే తెల్లవారుజామున తలుపు తట్టడానికి కారణమిదే. సునాముఖి, రేలగుజ్జు, రేవల్చిని చేసే పని కూడా యిదే. రేవల్చిని అన్న మాట చివర వున్న చీనాను గమనించారా? చైనా నుంచి వచ్చిన మందు మన యింటి మాటగా మారిపోయింది.

విరేచనపు గింజ అనగానే మన పెద్దలకు గుర్తుకు వచ్చేది నేపాళం. చైనావారు దాన్ని బాదౌ అంటారు. అది పులి, తంటెం పిల్లి. నేపాళపు నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే చైనా వైద్యులు ఆ గింజలను దంచి, కాగితాల నడుమ అదిమి, నూనె పిండివేసిన పొడినే వాడారు. మన ఆయుర్వేద వైద్యులు పాలలో వుడికించి శుద్ధి చేశారు. శుద్ధి చేయని నేపాళాన్ని లోపలికి యివ్వడానికి యిద్దరూ జంకారు. తంటెపు గింజకూ వేయించడమనే చిన్న శుద్ధి వుంది. వేయిస్తే దాని విరేచన శక్తి తగ్గి నెమ్మదిస్తుంది. కొరియా, జపాన్ దేశాలలో వేయించిన యీ గింజల టీ యిళ్ళలో తాగుతారు. కాఫీ దొరకని కాలాల్లో, దొరకని చోట్ల కాఫీకి బదులుగా కూడా వాడారు.

"అంత ఆసక్తి వుంటే కార్తీకంలో నాతో అరకు రా. కాఫీ తోటల నడుమ కాఫీ కాని కాఫీని చూపిస్తాను" అన్నాడు మిత్రుడు.

విశాఖలో ఉదయం కిరండూల్ రైలెక్కాం. సొరంగాలు దాటి, బొర్రా దాటి, అరకులో దిగేసరికి చలిగాలి ముఖాన కొట్టింది. లోయ నిండా వలిసె పూలు పచ్చటి దుప్పటి పరచినట్టున్నాయి. వాలుల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగల పక్కన కాఫీ మొక్కలు. ఈ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను ఆ పంట కోసం రాలేదు. నా కళ్ళు బాటపక్క పొదలను వెతుకుతున్నాయి.

వెతకనక్కరలేదు. ఎక్కడ చూచినా తంటెమే! మోకాలెత్తు మొక్కలు, ఎండుతున్న సన్నని కాయలు. మొదటి వానలకు వచ్చే లేత ఆకును యీ కొండల్లో కూరగా వండుకుంటారు. సరిహద్దు కవతల ఒడిశాలో దీన్ని చకుండా అంటారు. అక్కడా కూర వండుతారు. గింజలు కూడా వృథా కావు. వాటిలోని పప్పు నుంచి తీసే జిగురును కుక్కలకు, పిల్లులకు అమ్మే డబ్బా ఆహారంలో చిక్కదనం కోసం వాడతారు. అయితే ఆ జిగురు మనిషి ఆహారంలో చేరాలంటే అందులో ఆంత్రాక్వినోన్లు కిలోకు అర మిల్లీగ్రాము కూడా మించకూడదని అంతర్జాతీయ నిపుణులు హద్దు పెట్టారు. మందుగా కోరి తాగేదాన్ని తిండిలో అణువంత కూడా రానివ్వకూడదట!

మర్నాడు ఒక వారపు సంతకు వెళ్ళాం. మిత్రుడు టీ కొట్టు దగ్గర ఎవరితోనో మాటల్లో పడ్డాడు. నాకు సొంత తెలివి పుట్టింది. సింగపూరు దాకా ఎందుకు, ఒక ఏడాదికి సరిపడా గింజలు యిక్కడే ఏరుకుంటే పోలేదా? సంత వెనుక బీడులోకి వెళ్ళి, జేబురుమాలు పరచి, కాయలు కోయడం మొదలుపెట్టాను. నన్ను వింతగా చూస్తూ ఏడెనిమిదేళ్ళ కుర్రవాడొకడు వెంటపడ్డాడు. పట్నం ముసలాయన పిచ్చికాయలు ఏరుకోవడం వాడికి మంచి వేడుకగా తోచింది కాబోలు, తానూ కోసి నా రుమాలులో వేయసాగాడు.

పచ్చని పూలు, ఆకురెమ్మలు, చిక్కుడు జాతి కాయలు. నా కంటికి అన్నీ ఒకటే. కాస్త ఎత్తుగా ఎదిగిన మొక్కలకు కాయలు బలంగా వుంటే మరీ సంతోషించాను. ఇంతలో కుర్రవాడు అలాంటి పచ్చికాయ నొకదాన్ని ఒలిచి, లోపలి గింజలు బఠాణీల్లా అరచేతిలో పోసుకున్నాడు.

"ఓరి గుంటడా! పారెయ్!"

వెనకనుంచి కేక. నెత్తిన తట్టతో సంతకు పోతున్న ఒక ముసలమ్మ, తట్ట దింపకుండానే రెండంగల్లో వచ్చి వాడి చేతి మీద ఒక్కటి వేసింది. గింజలు గడ్డిలో చెదిరిపోయాయి. వాడి నోట్లో వేలు పెట్టి చూచింది. ఇంకా ఏమీ వేసుకోలేదని తేలాక నావైపు తిరిగింది.

"నువ్వు పెద్దోడివి గదా బావూ! గుంటడి చేత యిది కోయిస్తావా?"

"తంటెమే గదమ్మా" అన్నాను నసుగుతూ.

ఆమె నా రుమాలు ముందు కూర్చుంది. కాయలన్నీ రెండు కుప్పలు చేసింది. "ఇది తంటెం. ఇది కసింద. తంటెం ఆకు మేం తింటాం. కసింద గింజ మేకకి కూడా పెట్టం." రెండో కుప్పను పిడికిట పట్టి దూరంగా విసిరేసింది. నేను ఏరినవాటిలో సగం అదే! తరువాత నెమ్మదిగా అంది: "అవతల ఒడిసాలో పిల్లలు పోయిన ఏడు, మా వూరి చుట్టూ యీ మొక్కన్నది లేకుండా పీకేశాం. మళ్ళీ వచ్చేసింది, పాడు మొక్క."

నా నోట మాట రాలేదు. మిత్రుడు వచ్చాక జరిగింది చెబితే ఆయన ముఖం పాలిపోయింది. ఆ సాయంకాలం బసలో కూర్చుని మిగతా పాఠం చెప్పాడు. అందులో నవ్వులు లేవు.

తంగేడు, రేల, సునాముఖి, తంటెం, కసింద, యివన్నీ ఒక యింటి ఆడపడుచులు. వృక్షశాస్త్రజ్ఞులు ఒకప్పుడు అన్నిటికీ కాషియా అనే ఒకే యింటిపేరు పెట్టారు. ఇప్పుడు రేలను పుట్టింట వుంచి, మిగతావాటిని సెన్నా అనే యింటికి మార్చారు. కసింద అమెరికా ఖండపు ఉష్ణదేశాల నుంచి వచ్చి మన బీడుల్లో పాతుకుపోయిన మొక్క. దీని సంస్కృతనామం కాసమర్దం, దగ్గును నలిపేది. అంటే దీనికీ మందుగా పేరుంది. చైనావారు దీన్ని తంటెంతో కలపక వేరే పేరు పెట్టారు. వాంగ్ జ్యాంగ్ నాన్, నదికి దక్షిణాన వున్న సీమకేసి చూపు. పేరు కవిత్వం, గింజ విషం.

2016 సెప్టెంబరులో ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో పిల్లలు చనిపోవడం మొదలయింది. ఆ వూరు మనకు పరాయిది కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ కొండలు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోనివే. అవే తూర్పు కనుమలు, అలాంటి గూడేలే. ఆటలాడుకుంటున్న పిల్లలకు ఉన్నట్టుండి వాంతులు, ఒళ్ళు తెలియని కలవరింత, మూర్ఛ. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయేది. రెండు మూడు నెలల్లో సుమారు 100 మంది పిల్లలు పోయారు. మెదడువాపు వ్యాధి అన్నారు. దోమలను, పందులను అనుమానించారు. కొందరి రక్తంలో మెదడువాపు వైరస్ ఆనవాళ్ళు దొరికిన మాట నిజమే. చాలామందిలో దొరకలేదు.

అప్పుడు వెల్లూరుకు చెందిన ప్రసిద్ధ వైరస్ శాస్త్రజ్ఞుడు డాక్టర్ టి. జాకబ్ జాన్, మరికొందరు నిపుణులు ఆ గూడేలకు వెళ్ళారు. ఆయన చూచిన కథ అదివరకు విన్నదే. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి, వానలు వెనుదీసే కాలంలో, చిన్నపిల్లలు యిలాగే చనిపోయేవారు. దాన్నీ మొదట మెదడువాపు అనే అనుకున్నారు. బిజ్నోరు పిల్లల వైద్యుడు డాక్టర్ విపిన్ వశిష్ఠ, జాకబ్ జాన్, వారి తోటి పరిశోధకులు కలిసి, అది అంటురోగం కాదని, కసింద గింజలు తిన్నందువల్ల కాలేయం, కండరాలు, మెదడు ఒక్కసారిగా దెబ్బతినడమని 2007 ప్రాంతంలో వెల్లడించారు. పట్టుబడ్డ పిల్లల్లో సగానికి మించి బతకలేదు. మల్కనగిరిలో ఆ మొక్క పేరు బణ చకుండా, అంటే అడవి చకుండా. జబ్బుపడ్డ పిల్లల నమూనాలలో ఆంత్రాక్వినోన్లు కనిపించాయి. చాలామంది చావుకు ఆ గింజే కారణమని నిపుణుల బృందం తేల్చింది.

నేను సింగపూరు నుంచి తెప్పించుకుని కడుపు తేలిక కోసం తాగిన జాతి పదార్థమే ఆ పసివాళ్ళ ఒంట్లో దొరికింది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లలు ఎందుకు తింటారు? ఆకలి ఒక కారణం, ఆట మరొకటి. పెద్దలు చేలకు, అడవికి పోయినప్పుడు పిల్లలు బీడుల్లో ఆడుకుంటారు. పచ్చికాయ ఒలిస్తే లోపల బఠాణీల వంటి గింజలు. పెద్దవాడి ఒంటికి సరిపోయిన పాలు పది పన్నెండు కిలోల పసివాడికి ఎంతవుతుందో ఊహించుకోండి. పైగా అర్ధాకలితో వున్న పిల్లవాడికి కాలేయంలో దాచుకున్న చక్కెర తక్కువ. కాలేయం దెబ్బతినగానే రక్తంలో చక్కెర పడిపోతుంది. పశువులకూ యిది విషమే. వాసనకు పచ్చిమొక్కను అవి ముట్టవు. దాణాలో గింజలు కలిస్తే మాత్రం కండరాలు చచ్చుబడి కూలిపోతాయి.

కనుక పాఠకులు యీ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోవాలి. తంటెం ఆకురెమ్మకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రం. కాయ పుల్లలా సన్నగా, కొడవలిలా వంగి, జానెడు దాకా వుంటుంది. గింజ మెరుస్తూ పలకలుగా వుంటుంది. కసింద ఆకురెమ్మకు నాలుగు నుంచి ఆరు జతలు, ఆకులు మొన తేలి వుంటాయి. కాయ వెడల్పుగా, చదునుగా, నాలుగైదు అంగుళాలుండి, అంచుల వెంట లేతరంగు చార కనిపిస్తుంది. గింజ గుండ్రంగా అణిగి, మెరుపు లేకుండా వుంటుంది. అయినా గుర్తులు తెలిశాయి గదా అని ఎవరూ ఏరి తాగబోకండి. వృక్షశాస్త్రజ్ఞుడి మిత్రుణ్ణయిన నేనే సగానికి సగం తప్పాను. పిల్లలెవరైనా యీ కాయలు తిన్నారని అనుమానం కలిగితే వాంతుల కోసం ఎదురుచూడవద్దు. మంత్రాలు, పసరులు వద్దు. ఆ మొక్క రెమ్మతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. దీనికి విరుగుడు మందు లేదు. ఎంత తొందరగా వైద్యుడి చేతిలో పెడితే అంత మేలు.

దీనికి ఖర్చు లేని నివారణ ఒకటుంది. బడి చుట్టూ, అంగన్‌వాడీ చుట్టూ, యింటి చుట్టూ కసింద మొక్కలను పూతకు రాకముందే పీకివేయడం, పిల్లలకు ఆ కాయను చూపించి చెప్పడం. ఉత్తరప్రదేశ్‌లో యీ రెండు పనులూ జరిగిన చోట్ల జబ్బు తగ్గింది. కొత్త మందులూ యంత్రాలూ అక్కర లేకపోయాయి.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ ముసలమ్మ కోసం మళ్ళీ సంతకు వెళ్ళాను. కనిపించలేదు. కుర్రవాడు మాత్రం కనిపించాడు. ఒక బిస్కట్టు పొట్లం చేతిలో పెట్టాను. వాడు నన్ను బీడు దగ్గరకు లాక్కుపోయి, వేలితో చూపిస్తూ, "ఇది తంటెం, ఇది కసింద" అని అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. వాడి అరచేతిలో పడ్డ దెబ్బ నూరు పాఠాల పెట్టు.

ఇంటికి వచ్చాక మా డాక్టరు గారికి సింగపూరు పొట్లం చూపించాను. "అప్పుడప్పుడైతే సరే. రోజూ తాగితే ఒంట్లో లవణాలు పోయి నీరసిస్తారు. గర్భిణులకు, పిల్లలకు అసలు వద్దు. ముందు నీళ్ళు తాగండి, ఆకుకూర తినండి, రెండు మైళ్ళు నడవండి" అన్నాడు. పొట్లాన్ని మనుమలకు అందకుండా బీరువా పై అరలో పెట్టి తాళం వేశాను.

మా ఆవిడ యిదంతా చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పెరట్లోకి వెళ్ళి, గోడవార మొలిచిన మొక్క నొకదాన్ని వేళ్ళతో సహా పెరికి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆకులు లెక్కపెట్టండి" అంది.

అయిదు జతలున్నాయి.